ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఏడు మోటార్లు

హైదరాబాదు,
12 సెప్టెంబరు 1996

ప్రియమైన అబ్బాకు,

మీ అజీజా సలాములు. క్షేమమని రాద్దామని కూర్చున్నాను గానీ మీకు అబద్ధం రాయడానికి చెయ్యి ఆడటం లేదు. నేను ఈ పరిశోధన మానేద్దామనుకుంటున్నాను. మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటి దొరికింది. డిసెంబరు ఒకటిన చేరమన్నారు. అమ్మీకి అప్పుడే చెప్పకండి.

మూడేళ్లుగా మీరు నా చదువేమిటని అడిగినప్పుడల్లా "చెప్పినా అర్థం కాదులే అబ్బా" అని తప్పించుకున్నాను. అది నా పొగరు. ఇప్పుడు చెబుతాను వినండి. మా లాబులో పన్నెండు కంప్యూటర్లున్నాయి. ఒక్కోదాంట్లో నేను రాసిన ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దానికి ఎవరూ పని పురమాయించరు. ఎప్పుడు ఏం చేయాలో తనే తేల్చుకుంటుంది. అన్నింటికీ కావలసిన సమాచారం మాత్రం మూలనున్న ఒక్క పెద్ద యంత్రంలోనే ఉంది. విడిగా నడిపితే ఒక్కోటి బంగారంలా నడుస్తుంది. కలిపి నడిపితే పన్నెండూ ఒక్కసారే ఆ యంత్రం మీద పడతాయి, అది ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. అలా ఆగితే కాసేపు వెనక్కి తగ్గి మళ్లీ రమ్మని నేర్పాను. అన్నీ ఒకేసారి తగ్గి ఒకేసారి వచ్చాయి. అన్నింటికీ తెలివి పంచింది నేనొక్కదాన్నే కదా, తేడా ఎక్కడి నుంచి వస్తుంది? పోనీ అని వాటి మీద ఒక పెద్దను కూర్చోబెట్టాను. ఆ పెద్ద ఆగిపోయిన రోజున పన్నెండూ చేతులు కట్టుకుని కూర్చున్నాయి. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడ్చాను.

నవంబరు ఇరవైన పరీక్ష. పన్నెండూ కలిసి గంటసేపు ఆగకుండా నడవాలి. నడవకపోతే నా పేరు కొట్టేస్తారు. మా సార్ చెడ్డవారు కాదు, ఇన్నాళ్లూ ఓపిక పట్టింది ఆయనే.

ఒక్కటి అడగాలని ఉంది. పోయిన జనవరిలో మీరు బుచ్చయ్యతో కలిపి ఏడుగురి బావుల మోటార్లకు ఆటోలు బిగించారు కదా, కరెంటు రాగానే మనిషి అక్కర లేకుండా వాటంతట అవే లేచేటట్టు. ఏడింటికీ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. మరి అవి కొట్లాడుకోకుండా ఎట్లా నడుస్తున్నాయి? మీ ఉత్తరాల్లో ఆ ముచ్చటే లేదు. తెలుసుకోవాలని మనసు పీకుతోంది.

మీ కూతురు,
అజీజా

ఆత్మకూర్,
21 సెప్టెంబరు 1996

బేటీ అజీజాకు అబ్బా దువా.

ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు అడిగింది నేను ఎనిమిది నెలలుగా నీకు దాచిన సంగతి. ఆ ఆటోలు ఇప్పుడు లేవు. ఏడూ నేనే ఊడదీశాను.

పనిలో లోపం లేదు బేటీ. ఒక్కో మోటారుకు బిగించి, కరెంటు పెట్టి, లేస్తుందో లేదో నా కళ్లతో చూశాను. చూసింది మాత్రం మిగతా ఆరూ బంద్ పెట్టి. మొదటి రోజు పొద్దున కరెంటు రాగానే ఏడూ కలిసి లేచాయి, ఫ్యూజు పోయింది. మోటారు నడిచేటప్పటి కన్నా లేచేటప్పుడు ఐదారింతలు ఎక్కువ కరెంటు గుంజుతుంది. నాకు తెలియనిదా? ఆ ఏడుగురిలో ఒకడు, ఐలేశం, ఫ్యూజులో లావు తీగ మెలిపెట్టి "ఇగ యెట్ల పోతదో సూస్త" అన్నాడు. నేను పక్కనే ఉండి వద్దనలేదు. రెండో రోజు తీగ నిలిచింది, ట్రాన్స్‌ఫార్మర్ కాలింది.

కొత్తది రావడానికి పందొమ్మిది రోజులు. అప్పుడు పల్లిచేలకు కాయ పట్టే ఊడలు దిగుతున్నాయి. ఏడు చేలూ కళ్ల ముందే ఎండిపోయాయి. రోజూ నా రిపేరు దుకాణంలో కూర్చుని చాయ్ తాగే బుచ్చయ్య రోడ్డుకు అవతలి వైపు నుంచి పోయేవాడు. నేను దుకాణం మూసేద్దామనుకున్నాను. నీకు రాయడానికి సిగ్గుపడ్డాను.

దారి చూపింది నిర్మలమ్మ. ఆమె బావి లైనుకు ఆఖరున ఉంటుంది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చిన రోజు అందరి ముందర అన్నది: "మోటర్లు మంచిగనే ఉన్నయి రజాక్ భాయ్. ఒకని సంగతి ఒకనికి తెల్వదు, గంతే." నేను అన్నింటినీ వరసగా లేపే పెట్టె ఒకటి చేస్తానన్నాను. "గా పెట్టె ఎవని బాయికాడ పెడ్తవ్?" అని ఏడుగురిలో ఒకడైన పెద్దులు అడిగాడు. ఎవరి దగ్గర పెట్టినా మిగతావాళ్లు నమ్మరని ఆ పెట్టె మాట వదిలేశాను.

ఇప్పుడు కట్టుబాటు ఇది. లైను ఆఖరుకు వోల్టేజీ అందదు కాబట్టి ముందు నిర్మలమ్మ మోటారు లేవాలి. కాలువలో నీళ్లు పడగానే ఆమె కర్రకు ఎర్రగుడ్డ కడుతుంది. అది చూసి పక్క బావి బీరన్న లేపుతాడు, తన గుడ్డ కడతాడు. అది చూసి పెద్దులు. ఏడుగురి సంగతీ ఎవరికీ అక్కర లేదు, పక్కవాని గుడ్డ కనబడితే చాలు. ఫిబ్రవరి నుంచి ఒక్క ఫ్యూజు పోలేదు. బుచ్చయ్య మళ్లీ చాయ్‌కు వస్తున్నాడు.

నీ పన్నెండు కూడా ఒకదాన్ని ఒకటి చూడలేవేమో. చూసుకో.

అబ్బా

హైదరాబాదు,
25 అక్టోబరు 1996

అబ్బాకు సలాములు.

మీ ఉత్తరం చేరింది. పల్లిచేల సంగతి చదివి ఒకసారి ఏడ్చాను. తర్వాత లాబుకు పరుగెత్తాను. ఎంత స్వార్థమో చూడండి.

మూడేళ్లూ ఒక్కో ప్రోగ్రాం తలలో ఏముండాలని ఆలోచించాను. రెండింటి నడుమ ఏముండాలని ఒక్క రోజైనా ఆలోచించలేదు. ఈ నెలంతా అదే పని. ఇప్పుడు ఒక్కోటి తన పని మొదలుపెట్టి పక్కదానికి ఒక చిన్న కబురు పంపుతుంది. ఆ కబురే ఎర్రగుడ్డ. నిన్న నలభై నిమిషాలు నడిచాయి. నాకు రెక్కలొచ్చాయి. అంతలో బుద్ధి ఊరుకోక ఒకదాన్ని చేత్తో ఆపి చూశాను. దాని వెనకవన్నీ గుడ్డ కోసం చూస్తూ నిలబడిపోయాయి.

నిర్మలమ్మ రాని రోజున ఏం చేస్తారు అబ్బా? వెంటనే రాయండి.

అజీజా

ఆత్మకూర్,
30 అక్టోబరు

బేటీకి దువా. నీ ప్రశ్న బీరన్నను అడిగాను. "ఏం జేస్తం, సూసొస్తం" అని నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. చుట్ట ఒకటి కాల్చేంత సేపు చూస్తాడట. గుడ్డ లేవకపోతే నడిచి పోతాడట. శ్రావణంలో ఒకసారి అట్లా పోతే ఆమె జ్వరంతో గట్టున పడి ఉంది. దవాఖానకు పంపి, ఆమె మోటారు తనే లేపి, ఆమె గుడ్డ తనే కట్టి, తర్వాత తన బావికి వచ్చాడు. ఇది కట్టుబాటులో ఎవరూ చెప్పుకోలేదు. అందుకే నీకు రాయలేదు.

అబ్బా

హైదరాబాదు,
21 నవంబరు 1996

ప్రియమైన అబ్బాకు సలాములు.

నిన్న పన్నెండూ గంటా పది నిమిషాలు నడిచాయి. సగంలో సార్ లేచి వెళ్లి ఐదో కంప్యూటరు తీగ పీకేశారు. ఆరోది కాసేపు ఆగింది, ఐదోదాన్ని పలకరించింది, జవాబు లేదు. దాని పని తనే అందుకుని, దాని పేరు మీద కబురు పంపి, తర్వాత తన పనిలో పడింది. ఎవరూ చెప్పకుండానే. రాసింది నేనే, అయినా నోరు తెరుచుకుని చూశాను.

సార్ ప్రోగ్రాం చదువుతూ ఒకచోట ఆగి, ఆరోది ఎంతసేపు ఎదురుచూస్తుందో తెలిపే చోట 'చుట్ట' అని ఎందుకు రాశావని అడిగారు. చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఇంకా చెప్పు అన్నారు. రెండు గంటలు మీ ఏడు బావుల గురించే మాట్లాడాను. మహబూబ్‌నగర్‌కు రానని రాసేశాను. నేను ఇక్కడే ఉంటాను అబ్బా.

ఇక అసలు సంగతి. సార్ ఇదంతా నా పరిశోధన పుస్తకంలో మొదటి అధ్యాయంగా రాయమన్నారు, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలుపెట్టి. అంటే మీ తప్పు మీ పేరుతో అచ్చవుతుంది. పేరు మార్చమంటే మారుస్తాను. మీరు వద్దంటే అసలు రాయను. మీ మాట కోసం ఆగి ఉంటాను.

మీ అజీజా

ఆత్మకూర్,
26 నవంబరు

బేటీకి దువా. పేరు మార్చకు. మోటార్ మెకానిక్ రజాక్, ఆత్మకూర్ అని రాయి. అయితే నేను నీకు చెప్పింది పూర్తిగా నిజం కాదు. నిర్మలమ్మ మొదటిసారి చెప్పింది ట్రాన్స్‌ఫార్మర్ కాలిన తర్వాత కాదు. జనవరిలో ఆమె మోటారుకు ఆటో బిగిస్తుంటే పక్కన నిలబడి అడిగింది: "అన్ని ఒక్కపారే లేస్తే ఎట్ల రజాక్ భాయ్?" నేను నవ్వి, నీకేం తెలుసు పక్కకు జరుగు అన్నాను. అక్కడున్న మగవాళ్లందరూ నవ్వారు. ఆమె ఇప్పటిదాకా ఆ మాట ఎత్తలేదు. నీ పుస్తకం అక్కడ మొదలుపెట్టు.

నేను ఈ కార్డు పోస్టు డబ్బాలో వేసి నిర్మలమ్మ ఇంటికి పోతున్నాను.

అబ్బా