బడిలో ఉన్నా గైరుహాజరే

మంగళవారం, రాత్రి

తరగతిలో ఎదురుగా కూర్చున్న పిల్ల బడికే రాలేదట! మా చిన్నది లచ్చి నెలలో సగం రోజులు గైరుహాజరట. ఇలాగైతే పరీక్ష రాయనిచ్చేది లేదని బడి గురూజీ ఇవాళ నన్ను పిలిపించి చెప్పాడు.

లచ్చికి అంకెలు పట్టుబడవు. అది మొద్దుతనం కాదు, డిస్కాల్కులియా అని దంతెవాడ డాక్టరమ్మ రాసిచ్చింది. ఆ కాగితం చూసి బడివాళ్ళు లెక్కల పరీక్షకు గంట ఎక్కువిస్తామన్నారు. సంతోషించాను. కానీ రోజూ హాజరు పిలిచేది పేరుతో కాదు, నంబరుతో. తన నంబరేదో తేల్చుకునేలోపు తర్వాతిది వచ్చేస్తుంది. పిల్ల మొదటి వరసలోనే ఉంటుంది, రిజిస్టరులో మాత్రం ఉండదు.

"దాన్ని పేరుతోనే పిలువుండ్రి గురూజీ," అన్నాను.

"అప్పుడు మిగతా పిల్లలు కూడా అడుగుతారు దాదా."

"అందర్నీ పిలువుండ్రి. పేర్లు అందుకే గదా పెట్టింది. మా దానికైతే మేకను కోసి మరీ పెట్టినం."

గురూజీ నవ్వి, "నియమం దాదా," అన్నాడు.

ఒళ్ళు మండింది. పరీక్షే రాయనివ్వకపోతే ఆ ఎక్కువ గంట ఎవరికి, గోడ గడియారానికా?

ఇంటికొచ్చాక లచ్చి అడిగింది. "నాయనా, పోయినా రాలేదనే రాస్తరు గదా. రేపు పోవుడెందుకు?"

"రేపు నేను కూడా వచ్చి నీ పక్కన కూసుంట. నీ నంబరు పిలిస్తే ఇద్దరం లేద్దాం," అన్నాను.

గెంటేస్తే బడా గురూజీ, అదే హెడ్మాస్టరు, దగ్గరికి పోతాను. ఆయన కూడా నియమమే అంటే పెద్దాఫీసుకు పోతాను, అక్కడ కూడా వినకపోతే...

లోపలి నుంచి లచ్చి అరుస్తోంది, "నాయనా, నా బడి సంచి ఏడ పెట్టినవ్?"