నాలుగో నంబరు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ ఆయనా క్షేమం. జ్వరాలూ జలుబులూ లేవు కాబట్టి క్షేమమనే రాస్తున్నాను. నీ నర్సింగు శిక్షణ చక్కగా సాగుతున్నందుకు సంతోషం.

"ఆయన్ని అడిగితే అంతా బాగుందంటున్నారు, మన ఫుట్‌బాల్ జట్టు సంగతి నువ్వు నిజం రాయి నాన్నా" అన్నావు. ఫోనులో చెప్పే వీల్లేదు. రెండు గదుల ఇల్లు. నేను దగ్గినా పక్కగదిలో మీ ఆయనకు, అదే మన కోచ్‌గారికి, వినపడుతుంది. అందుకే వర్క్‌షాపులో, భోజన విరామంలో, లేతు మెషీను పక్కన కూర్చుని రాస్తున్నాను.

ఆరు ఆటలయ్యాయి. ఒకటి గెలిచాం, రెండు సమం, మూడు ఓడాం. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, ఇంత మంచి ముందువరుస మనకెప్పుడూ లేదు. మధ్యలో ఆ పొట్టివాడు బంతిని కాళ్లకు అంటించుకుని తిరుగుతాడు. గోల్‌కీపరుకు పాపం, ఉన్నది రెండు చేతులే. కొంప మునిగేదంతా వెనక ఎడమవైపు, నాలుగో నంబరు దగ్గర. ఎదుటివాడు బంతితో వస్తే, దారి అడిగినవాడికి చూపించినట్టు పక్కకు తప్పుకుంటాడు. అయినా ప్రతి ఆటలోనూ వాడే!

ఇక ఇంతసేపూ నాన్చిన మాట. ఐదో ఆటలో మూడో గోలు పడగానే "కోచ్ దిగిపో!" అని గ్యాలరీలో మొదట అరిచింది నేనే తల్లీ. నా గొంతు సంగతి తెలుసుగా, ఊరికే నన్ను కంచు అనరు. క్షణంలో గ్యాలరీ అంతా అందుకుంది. మీ ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటికొచ్చాక అన్నం వడ్డించుకోకుండానే మంచమెక్కాను. అతనే నీళ్లు కాచి తెచ్చాడు.

"గొంతు బొంగురుపోయింది మామయ్యా, వేడిగా తాగండి."

ఉండబట్టలేక అడిగేశాను. "వాణ్ణెందుకు ఆడిస్తున్నావయ్యా?"

"క్లబ్బు అధ్యక్షుడి తమ్ముడి కొడుకు. వాణ్ణి తీసేస్తే నన్ను తీసేస్తారు. ఒప్పందం ప్రకారం రెండేళ్లదాకా ఇంకెక్కడా పనిచేయకూడదు. ఈ మాట బయటకు పొక్కకూడదు మామయ్యా."

అప్పట్నుంచీ నా బతుకు అడకత్తెరలో పోకచెక్కే. గ్యాలరీలో అందరూ "కంచూ, మొదలెట్టు!" అంటారు. ఎందుకు మొదలెట్టనో చెప్పలేను. ఆరో ఆటలో అల్లుణ్ణి తిట్టలేక, ఊరుకోలేక, "నాలుగో నంబరును తియ్యండి!" అన్నాను. వేల గొంతులు అందుకున్నాయి. మీ ఆయన, జనమే అడుగుతున్నారన్నట్టు అధ్యక్షుడివైపు చూసి, వాణ్ణి బయటకు పిలిచాడు. ఆట సమమైంది. గెలిచినంత సంబరపడ్డాను.

నిన్న అధ్యక్షుడు పిలిపించాడు. మీ ఆయన తిరిగొచ్చి, బూట్లయినా విప్పకుండా గుమ్మంలో కూలబడ్డాడు.

"ఉద్యోగం ఉంది మామయ్యా. ఆదివారం నాలుగో నంబరు ఆడుతున్నాడు."

"అయితే మళ్లీ వాడి మీదే అరుస్తా."

"వద్దు. ఆ రోజు బయటకు తీసుకున్నందుకు వాడు నాకు దండం పెట్టాడు. ఆడనంటే ఇంట్లో బతకనివ్వడం లేదట, నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. అరవక తప్పదనుకుంటే నన్నే అనండి. నాకు అలవాటైంది."

అలాగేనన్నాను తల్లీ. ఆదివారం మళ్లీ "కోచ్ దిగిపో" అనే అరుస్తాను. మీ హాస్టల్లో టీవీలో ఆట చూస్తుంటే ఆ గొంతు వినిపిస్తుంది. ఎవరిదని పక్కవాళ్లు అడిగితే, నీకు తెలియదని చెప్పు.

ఇట్లు,
మీ ఇద్దరి మేలూ కోరే
నాన్న