గుండె దడ కనిపించే స్కోపు

నాన్నగారికి, నేను కులాసా. నా చెయ్యి వణుకుతోంది కదా, షూటింగ్ పోటీలు మాని ఇంటికి వచ్చెయ్యమని రాశారు. రాను.

రైఫిల్‌కి కొత్త స్కోపు, అదే గురి చూసే దుర్బిణి, కొనడానికి కోచ్‌గారితో కొట్టుకి వెళ్లి, అన్నిటికంటే పెద్దగా చూపించేది అడిగాను.

"వద్దమ్మా, అందులో నీ గుండె దడకి గురి ఊగడం కూడా కనిపిస్తుంది. బెదిరిపోతావ్."

"కనిపించనివ్వండి సార్. కనిపించకపోతే ఊగడం మానేస్తుందా?" అని అదే తీసుకున్నాను.

మొదట్లో తూటాలన్నీ గురిపెట్టే అట్ట అంచులకే తగిలాయి. అందరూ నవ్వారు. ఆ ఊగుడునే చూస్తూ చూస్తూ, అది ఏ క్షణంలో నిలుస్తుందో పట్టేశాను. నిన్న అన్నీ నట్టనడుమ దిగాయి. జట్టులోకి తీసుకున్నారు.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పడుకుని కాల్చేటప్పుడు మోచేతి కింద వేసుకోవడానికి నా పాత శాలువా పంపండి. చెల్లికి ముద్దులు.

ఈసారి నన్ను రమ్మని కాదు, మీరే చూడటానికి వస్తున్నామని రాయండి.

నమస్కారాలతో,
మీ పెద్దమ్మాయి