అవ్వ సాక్ష్యం

ఆండ్రూకి,

మన చర్చి హాల్లో నువ్వు పెట్టిన అమెరికా నల్లజాతి సినిమాలు, పుస్తకాల పండుగ మహా గొప్పగా జరిగింది. తెర మీద బానిస ముసలమ్మ తన కథ చెబుతుంటే కళ్ళు తుడుచుకున్నావు. "మన పెద్దల కథలు మనమే చెప్పాలి" అన్నావు. పాపం, మన అవ్వ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలకు పిలిచినట్టే అనుకుని లేచి మైకు అందుకుంది. "మా నాయనను ఆసామి గొడ్ల కొట్టంలో కట్టేసినాడు" అనగానే మైకు లాక్కున్నావు. పెద్దామెకు మతి సరిగా లేదని అతిథులకు ఇంగ్లీషులో చెప్పి నవ్వావు. ఏడవడానికి నీకు సముద్రం అవతలి ముసలమ్మే కావాలి.

వచ్చే ఏడాది పండుగలో గోడకు పెట్టడానికి అవ్వ ఫోటో అడిగావు కదా. ఆమెకు చెప్పాను.

"నేనింకా బతికే ఉండాను. ఫోటో ఎందుకు? ఆ మైకు పంపించమను" అంది.

నీ తోబుట్టువునని చెప్పుకోక తప్పని,
అక్క