ఇంటికి రాని మెరుపయ్య

కోరుట్ల, శుక్రవారం

మెరుపయ్య కామిక్‌ను కొత్త రచయిత, కొత్త బొమ్మలాయన కలిసి పాడుచేశారు! ఇన్నేళ్లూ ఆఖరి పేజీలో మెరుపయ్య ముసుగు తీసి, కాళ్లు కడుక్కుని, ఇంట్లో అన్నానికి కూర్చునేవాడు. ఈసారి ఇంటికే రాలేదు. ఏదో మేడ మీద కండలు చూపిస్తూ నిలబడ్డాడు. ఇల్లంటే వీళ్లకు అంత చులకనా?

మధ్యాహ్నం దుబాయి నుంచి నాన్న ఫోన్ చేశాడు. మూడేళ్లయింది ఆయన వచ్చి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది.

"బిడ్డా, కొత్త పుస్తకం సదివినవా? ఆఖరికి ఇంటికచ్చిండా?"

"అచ్చిండు నాన్నా" అన్నాను.

"గట్లుండాలె. పంపు, రూముల అందరం సదువుతం."

రేపు కథలాపూర్ మామ దుబాయి పోతున్నాడు. పచ్చడి, మందులతో పాటు పుస్తకమూ పెట్టెలో పెట్టాను. ఆఖరి పేజీ చింపి, పాత పుస్తకంలోది అతికించాను. మెరుపయ్య చొక్కా రంగు కలవలేదు. కలవకపోతే పోనీ, ఇంటికైతే వచ్చాడు.