నీ వైపు తోసిన గెలాక్సీ

వదినా,

నువ్వు కాలం సేసి నేటికి ఏడాది. కాశీబుగ్గ ఫ్యాక్టరీలో జీడిపప్పు ఏరే బల్ల దగ్గర నా పక్కన నీ స్టూలు ఇంకా ఖాళీగానే ఉంది.

టెక్కలి కాలేజీలో సదువుతున్న నీ కూతురు అన్నాల ఏళకి ఫ్యాక్టరీకొచ్చి, ఫోన్లో ఓ గెలాక్సీ సూపించింది. కళ్ళజోడు అద్దంలా నడుమ ఉబ్బుగా ఉంది.

"ఏ రకమే ఇది?" అన్నాను.

"సుడులున్నదానికీ, ఉండలా ఉన్నదానికీ మధ్యరకం అత్తా. కొత్త సుక్కలు పుట్టడం దాదాపు ఆగిపోనాది. పాతవే ఎలుగుతన్నాయి. ఫొటోలో సుట్టూ గెలాక్సీలు కనిపిస్తన్నాయి గానీ నిజానికి ఏదీ దీనికి దగ్గర్లో లేదు."

నిండు గుండో, సగం బద్దో తేలని పప్పుని ఎప్పుడూ నీ పళ్ళెంలోకి తోసీదాన్ని కదా. ఆ అలవాటుకే ఫోన్ని నీ స్టూలు వైపు తోసీసినాను.

పిల్ల తల దించుకుంది. నేనే సెయ్యి సాపి ఎనక్కి తెచ్చుకున్నాను.