మెట్ల మీది దిండు

అక్కకి,

నీ చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటే అంటావు. ఫోన్‌లో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు. కాగితానికి ఆ గుణం లేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ కంట్లో చుక్కల మందు మర్చిపోకుండా వేస్తున్నాను. తిండి తింటోంది, కాకపోతే పళ్లెంలో సగమే పెట్టాలి. నిండుగా కనిపిస్తే కంగారుపడి తోసేస్తుంది. స్నానానికి ఇప్పటికీ పేచీయే. నీళ్ల చెంబు చూస్తే చాలు, ఎవరో ప్రాణం తీస్తున్నట్టు అరుస్తుంది. కింది వాటాలో దర్జీ మొదట్లో పరుగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడు మిషన్ కాస్త జోరుగా తొక్కుతాడంతే.

నువ్వు పంపిన దిండు అందింది. మెత్తగా, మందంగా చాలా బాగుంది. "చలికి మెట్లు జిల్లుమంటాయి, ఇది వేసుకుని కూర్చో" అని చీటీ కూడా పెట్టావు. ఆ పూటంతా మురిసిపోయాను, మా అక్కకి నా మీద ఎంత ప్రేమో అని. మర్నాడు అమ్మకి జడ వేస్తుంటే తట్టింది. మెట్ల సంగతి నీకెవరు చెప్పారు?

అమ్మ అరుపులు ఇక నావల్ల కాదనిపించినప్పుడు ఆవిడని మంచం మీద కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, బయట మెట్ల మీద కూర్చుని చెవులు మూసుకుంటాను. కాసేపే. అయినా దొంగతనం చేసినట్టుంటుంది. ఆ సంగతి ఈ లోకంలో ఒక్క మనిషికే చెప్పాను, టీచరమ్మకి.

ఆవిడని మన ఇంటికి కుదిర్చింది నువ్వే. పెద్దవాళ్లకి తోడుగా మనుషుల్ని ఊరికే పంపే సంస్థ ఒకటుందని కనుక్కుని, నా బరువు కాస్త తగ్గుతుందన్నావు. నిజంగానే తగ్గింది. ఆవిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. బుధవారం మధ్యాహ్నం వస్తుంది. రాగానే చేతి గడియారం విప్పి సంచిలో వేసుకుంటుంది, టైము చూస్తూ కూర్చుంటే పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారట. దర్జీ ఇచ్చిన పాత గుండీలన్నీ డబ్బాలో పోసి, అమ్మ చేత రంగుల వారీగా ఏరిస్తుంది. అమ్మ కునుకు తీశాక వంటింట్లోకి వచ్చేది.

"పెద్దవాళ్లని చూసుకునేవాళ్లని ఎవరు చూసుకుంటారమ్మా? మీరు చెప్పండి, నేను వింటాను. ఈ ఇంట్లో విన్నది గుమ్మం దాటదు" అంది మొదటి రోజే. నేను నమ్మాను. కడుపులో ఉన్నదంతా వెళ్లగక్కాను. మెట్ల సంగతీ, నేను గట్టిగా పట్టుకుంటే అమ్మ చెయ్యి కమిలిన సంగతీ, ఇంకెన్నాళ్లురా దేవుడా అని అనుకున్న సంగతీ, అన్నీ.

దిండు వచ్చాక నేనొక పని చేశాను. అదేమిటో చివర్లో చెబుతాను. దాని ఫలితంగా ఫోన్‌కి నీ మెసేజ్ వచ్చింది. అది చదివి, పోయిన వారం బుధవారం ఆవిడ గడియారం విప్పకముందే అడిగేశాను.

"మా అక్కకి ఏమేం చెబుతున్నారండీ?"

ఆవిడ తడుముకోలేదు. "మీ అక్కగారు ఫోన్ చేస్తుంటారమ్మా. ఆవిడా కూతురే కదా. దూరాన ఉండి దిగులు పడుతున్నారు పాపం."

"గుమ్మం దాటదన్నారు."

"పరాయివాళ్ల దాకా పోదని నా ఉద్దేశం. సొంత అక్క దగ్గర దాపరికం ఏమిటనుకున్నాను." మళ్లీ ఆవిడే అంది. "మంచి వృద్ధాశ్రమం ఏదైనా ఉంటే చూడమన్నారు. మీతో చెప్పే ఉంటారనుకున్నానే."

నువ్వు చెప్పలేదు. ఇక రావద్దని ఆవిడని పంపేశాను.

ఆవిడ తెలియక చేసింది. నువ్వు తెలిసే చేశావు. ప్రతి ఆదివారం ఫోన్‌లో "ఎలా ఉన్నావే" అని అడిగేదానివి. "బాగున్నానక్కా" అనేదాన్ని. అంతా తెలిసి కూడా "హమ్మయ్య" అనేదానివి. ఆ హమ్మయ్య తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది. అమ్మని నేను సరిగ్గా చూడటం లేదని అనుమానం వస్తే నన్నే అడగాల్సింది. తిట్టినా పడేదాన్ని. ఇన్నేళ్లూ నేను చూసుకున్న అమ్మని ఎక్కడికి పంపాలో మీరిద్దరూ మాట్లాడుకుంటే, నేను ఈ ఇంట్లో ఎవరిని?

నిన్న బుధవారం అమ్మ గుండీల డబ్బా ఒళ్లో పెట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చుంది. తింటానని కూడా అనలేదు. చూడలేక టీచరమ్మకి ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చింది. ఇకనుంచీ ఆవిడ అమ్మతో గుండీలు ఏరుకుంటుంది, నేను వంటింట్లో నోరు మూసుకుంటాను.

ఇక నేను చేసిన పని. దిండు వచ్చిన వారం టీచరమ్మతో కావాలనే అన్నాను, "అమ్మ రోజూ అక్కనే తలుచుకుంటోంది, బంగారు ఎప్పుడొస్తుందని ఒకటే అడుగుతోంది" అని. ఇంకెవరికీ చెప్పలేదు. వెంటనే నీ మెసేజ్. "అమ్మ నన్ను తలుచుకుంటోందని ఎందుకో మనసుకి అనిపిస్తోందే, సెలవు పెట్టి వస్తున్నాను" అని రాశావు. నీ మనసుకి ఏమీ అనిపించలేదక్కా. నీకు కబురు అందింది, ఆ కబురు అబద్ధం.

అమ్మ నీ గురించి అడగడం లేదు. అడగాల్సిన అవసరం ఆవిడకి లేదు. నన్నే నీ పేరుతో బంగారూ అని పిలుస్తోంది. మొదట్లో "నేను చిట్టినమ్మా" అని దిద్దేదాన్ని. "చిట్టెవరు?" అని బెదురుగా చూసేది. అందుకే దిద్దడం మానేశాను. ఈ ఒక్కటీ టీచరమ్మకి కూడా చెప్పలేదు, అందుకే నీకూ తెలియలేదు.

సెలవు రద్దు చేసుకోకు, రా. ముందు నీ చేతులతో అమ్మకి స్నానం చేయించు. నేను నీ దిండు వేసుకుని మెట్ల మీద కూర్చుంటాను. ఆ తర్వాత ఆశ్రమం మాట ఎత్తాలనిపిస్తే నా ఎదురుగా కూర్చుని ఎత్తు.

నువ్వు తలుపు కొట్టగానే అమ్మ లోపల్నుంచి "బంగారూ, ఎవరొచ్చారో చూడవే" అంటుంది, నాతో. తలుపు తీసి నువ్వెవరివని చెప్పమంటావో, దార్లో ఆలోచించుకుని రా.

ఇట్లు,
ఇక్కడ నీ పేరుకి పలుకుతున్న
నీ చెల్లెలు